జిప్ చేసే ముందు ‘వలవండి’: గోదావరి వరద లెక్కలతో ఒక డేటాబేస్ ట్రిక్

అంబాజీపేట మార్కెట్ వైపు ఎప్పుడైనా వెళ్లారా? కొబ్బరికాయల్ని పీచుతో పాటు లారీలోకి ఎక్కిస్తే ఎన్ని పడతాయి, వలిచి ఎక్కిస్తే ఎన్ని పడతాయి అన్నది కోనసీమలో చిన్నపిల్లాడిని అడిగినా చెప్తాడు. లారీ అదే, కాయలూ అవే. మారిందల్లా ఎక్కించే ముందు చేసిన పని.

డేటాబేస్ కంప్రెషన్‌లో కూడా సరిగ్గా ఇదే జరుగుతుంది. సైజు తగ్గాలంటే చాలామంది మంచి కంప్రెసర్ కోసం వెతుకుతారు. జిప్ బెటరా, జెడ్-స్టాండర్డ్ బెటరా అని గంటలకొద్దీ వాదనలు. కానీ అసలు లాభం చాలాసార్లు అంతకు ముందు స్టెప్‌లోనే ఉంటుంది. డేటాని కంప్రెసర్‌కి ఇచ్చే ముందు దాని రూపం మార్చడం అన్నమాట. ఒకటే తేడా, ఇక్కడ వలిచిన పీచుని అడిగినప్పుడు మళ్లీ కాయకి అతికించి ఇవ్వగలగాలి! ఒక్క బిట్ కూడా పోకూడదు.

ఇది మీకు తెలియకుండానే రోజూ వాడుతున్నారు. చాలా ఫోన్లలో స్క్రీన్‌షాట్ తీస్తే పీఎన్‌జీ ఫైల్ వస్తుంది కదా. అందులో పిక్సెల్ విలువల్ని ఉన్నవి ఉన్నట్టు దాచరు. పక్క పిక్సెల్‌తోనో, పై వరుసలోని పిక్సెల్‌తోనో తేడా ఎంత అన్నది లెక్కేసి, ఆ తేడాల్ని కంప్రెస్ చేస్తారు. ఒకే రంగు ఉన్న చోట తేడా సున్నా. సున్నాలు వరసగా వస్తే కంప్రెసర్‌కి పండగే.

ఇప్పుడు మన ఊరి ఉదాహరణ. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 దగ్గర రెండోది, 17.75 దగ్గర మూడోది. 2022 జూలైలో మూడోది కూడా దాటింది, కోనసీమ లంక గ్రామాలు నీళ్లలో ఉండిపోయాయి. అలాంటి రోజుల్లో కరెంటు ఉండదు, సిగ్నల్ ఒక గీత ఉంటే గొప్ప. ఆ టైంలో గంటగంటకీ నీటిమట్టం చూపించే యాప్ ఒకటి మీరే రాస్తున్నారనుకోండి. ప్రతి బైటూ లెక్కలోకి వస్తుంది.

మామూలుగా టేబుల్ ఎలా కడతాం? తేదీ-టైం టెక్స్ట్‌గా రాస్తే 19 బైట్లు. ‘ధవళేశ్వరం’ అని తెలుగులో రాస్తే యూటీఎఫ్-8లో 27 బైట్లు. మన లిపిలో ఒత్తుకీ గుణింతానికీ కూడా విడివిడిగా బైట్లు పడతాయి మరి. నీటిమట్టం దశాంశ సంఖ్య కాబట్టి ఎస్‌క్యూలైట్‌లో 8 బైట్లు. మొత్తం 54. రోజుకి 24 రీడింగులు, అంటే 1296 బైట్లు. (వరుసకి పట్టే అదనపు ఖర్చుని పక్కన పెడుతున్నాను.)

ఇప్పుడు వలుద్దాం. ఊరి పేరుకి బదులు నంబర్. 2022లో జిల్లా ఏర్పడినప్పుడు ఉన్న మండలాలే 22, ఒక్క బైట్‌లో 256 పేర్లకి చోటుంది. ఈ ఒక్క పనితోనే 27 కాస్తా 1 అయిపోయింది. తర్వాత 11.75 అన్నదాన్ని 1175గా, అంటే అడుగులో వందో వంతు లెక్కన పూర్ణాంకంగా రాయండి. ఎస్‌క్యూలైట్ పూర్ణాంకం సైజుని బట్టి చోటిస్తుంది కాబట్టి 2 బైట్లు చాలు.

అసలు మజా ఇక్కడి నుంచే. రీడింగులు 1175, 1177, 1180, 1182 అని వస్తున్నాయనుకుందాం. మొదటిది ఉంచి, మిగతావి 2, 3, 2 అని తేడాలుగా రాసేయండి. ఒక్కోటి ఒక్క బైట్. టైం అయితే ఎలాగూ గంటకోసారే, మొదటిది చెప్తే చాలు. రోజు మొత్తాన్ని ఒకే బ్లాబ్‌లో పెడితే మొదటి టైం 4, మొదటి మట్టం 2, ఊరి నంబర్ 1, మిగతా 23 తేడాలు 23. మొత్తం 30 బైట్లు. 1296 ఎక్కడ, 30 ఎక్కడ! ఇంకా జిప్ అన్న మాటే ఎత్తలేదు.

ఫేస్‌బుక్ ఇంజినీర్లు 2015లో ప్రకటించిన గొరిల్లా అనే డేటాబేస్ ఇంకో అడుగు ముందుకేసింది. టైంలో తేడా కాదు, తేడాల మధ్య తేడా దాచారు. రీడింగ్ సరిగ్గా టైంకి వస్తే అది సున్నా, అంటే ఒక్క బిట్. వాళ్ల డేటాలో దాదాపు 96 శాతం టైంలు అలా ఒక్క బిట్‌కే సరిపోయాయి. 16 బైట్లు పట్టే ఒక్కో రీడింగ్ సగటున 1.37 బైట్లకి దిగింది.

అయితే ఇందులో ప్రమాదం లేకపోలేదు, వరద యాప్ విషయంలో అది చిన్న ప్రమాదం కూడా కాదు. తేడాల గొలుసులో ఒక్క లంకె తెగితే తర్వాతవన్నీ తప్పే. మధ్యలో ఒక గంట రీడింగ్ రాకపోతే, దాన్ని వదిలేసి ముందుకెళ్తే మిగతావన్నీ ఒక గంట వెనక్కి జరుగుతాయి. ఒక్క బైట్‌లో పట్టేది మైనస్ 128 నుంచి 127 దాకానే. గంటలో మట్టం 1.27 అడుగులు మించి పెరిగితే ఆ అంకె పట్టదు, కోడ్ చూసుకోకపోతే పెరిగిన నీరు తగ్గినట్టు కనిపిస్తుంది. రెండో హెచ్చరిక రావాల్సిన చోట ‘తగ్గుముఖం’ అని చూపిస్తే ఏమవుతుందో ఆలోచించండి. అందుకే మైనస్ 128ని ‘రీడింగ్ లేదు’ అనే గుర్తుగా, 127ని ‘తర్వాతి రెండు బైట్లలో పూర్తి మట్టం ఉంది’ అనే గుర్తుగా పక్కన పెట్టుకోండి. రీడింగ్ లేని గంట తర్వాత తేడా వద్దు, పూర్తి మట్టమే రాయండి. రోజూ కొత్త గొలుసు మొదలుపెట్టండి, తెగినా ఆ రోజుతోనే పోతుంది. బైట్లు రెండు పెరిగితే పెరగనివ్వండి.

ఇంకో మాట, ఎన్‌క్రిప్షన్ పెట్టాలనుకుంటే వలవడం, కుదించడం అయ్యాకే పెట్టండి. ముందే పెడితే డేటా అంతా గందరగోళంగా మారిపోతుంది, ఎంత గొప్ప కంప్రెసర్‌కైనా అందులో కుదించడానికి ఏమీ దొరకదు.