నల్లరేగడిలో మంద్రనాదం

పత్తియు మిరపయు పండు సీమలో పాటకచేరీకి అడుగునేలయై నిలుచు నాలుగు తీగెల వాద్యమును గూర్చి, దానిని ఎన్నుకొను వివేకమును గూర్చి

మహాశివరాత్రినాటి అర్ధరాత్రి, కోటప్పకొండ దిగువన, ఎనుబది అడుగుల ఎత్తున దీపములతో నిలిపిన విద్యుత్ ప్రభ ముందు కట్టిన వేదికమీద నిలిచి, గాయకుడు తొలిపాట నెత్తుకొనక పూర్వమే బేస్ గిటారును భుజమునకు తగిలించుకొని శబ్దపు మీటను పైకి త్రిప్పినవానికి మొట్టమొదట వినవచ్చునది ప్రభమీది వేలకొలది దీపములకు ప్రాణమిచ్చుచున్న జనరేటరు హుంకారము. సెకనుకు 50 ఆవృత్తులతో ప్రవహించు ఆ విద్యుత్తు, గిటారు తీగెల క్రింది రాగిచుట్టలలోనికి గాలిగుండనే చొరబడి, స్పీకరులో విడువని శ్రుతివలె మ్రోగుచుండును. లావుతీగె మూడవ మెట్టుమీద పలుకు జి స్వరమునకు కంపనములు సెకనుకు 49. ఆ మెట్టుమీద వ్రేలుంచినంతనే రెండు నాదములును ఒండొంటిని ఒరసికొని, సెకనుకొకమారు ఉబ్బుచు కుంగుచు, పాటలో లేని ఒక తాళమును పాటలోనికి తెచ్చును.

ఈ చిన్న సంగతియే నాకు పెద్ద పాఠమైనది. పట్టణపు దుకాణములో, చల్లని గదిలో, మెత్తని వెలుతురున వ్రేలాడు గిటారును చూచి మురిసి, దాచుకొన్న సొమ్మంతయు పోసి కొనితెచ్చుకొన్న యువకుడు, దానిని ప్రభ ముందు నిలిపిననాడు అది తన స్వరమునకంటె జనరేటరు స్వరమునే బిగ్గరగా పలుకుట విని నిర్విణ్ణుడగుట నేను పలుమారులు చూచితిని. పర్చూరు రైతు గాని అద్దంకి రైతు గాని సంచిమీది బొమ్మను చూచి విత్తనము కొనడు. తన చేను నల్లరేగడియో ఎఱ్ఱనేలయో, నీరు నిలుచునో జారిపోవునో తలపోసి కొనును. వాద్యమునకును అదే న్యాయము. అది మ్రోగవలసిన నేలను, ఎండను, విద్యుత్తును, అది మోయవలసిన గొంతుకలను ఎరిగి ఎన్నుకొన్నవాడే వాద్యమును ఎన్నుకొన్నవాడు.

దూదేకు వింటి నారి

మంద్రస్థాయిలో పలుకు తీగె ఈ సీమకు క్రొత్తది కాదు. యంత్రములు రాకమునుపు, గింజ తీసిన పత్తిని దూదిగా ఏకుటకు దూదేకులవారు పట్టిన విల్లును ఎరిగిన వృద్ధులు పల్లెలలో నేటికిని ఉన్నారు. పొడవైన కఱ్ఱకు నరపు నారి బిగించి, దానిని పత్తిరాశిమీదికి వంచి, కొయ్యగూటముతో నారిని కొట్టగా, ఆ కంపనమునకు చిక్కుపడిన పోగులు విడివడి తెల్లని మబ్బువలె పైకి లేచుచుండును. ఆ నారి పలుకు లోతైన నాదము వాకిలి దాటి వీథిలోనికి వినవచ్చుచుండును. పనికొఱకు పుట్టిన ఆ నాదమునకు సంగీతమను పేరు ఎవ్వరును పెట్టలేదు. అయినను ఆ వృత్తివారి ఇంటనే, గుంటూరు జిల్లా తాడికొండ చెంతనున్న పొన్నెకల్లులో, 1920లో షేక్ నాజర్ జన్మించెను. తంబురను భుజమున దాల్చి, ఇరుప్రక్కల వంతలు డక్కీలు మ్రోగించుచుండగా, పల్నాటి వీరులను, అల్లూరి సీతారామరాజును జనుల కన్నులయెదుట నిలిపి, బుఱ్ఱకథకు నూతన ప్రాణము పోసి, 1986లో పద్మశ్రీ నందుకొన్న ఆ మహనీయుని ఆత్మకథ ‘పింజారి’ యను పేరనే వెలువడినది. పింజారి యనగా దూది ఏకువాడు.

అదే పొన్నెకల్లులో 1936లో కొమ్మినేని అప్పారావు జన్మించెను; చక్రవర్తి యను పేర తెలుగు చలనచిత్ర సంగీతమును వందలాది చిత్రములలో నడిపినవాడు ఆయనయే. ‘యమగోల’, ‘వేటగాడు’, ‘కొండవీటి సింహం’ పాటలు లేని తిరునాళ్ల కచేరీ ఈ సీమలో అరుదు. వానిని వేదికమీదికి తేబూనిన బృందము మొదట కుదుర్చుకొనవలసినది అడుగుతీగె నడకను. ఒంగోలు చెంతనున్న కరవదిలో 1924లో జన్మించి నాదస్వరమును దేశదేశముల మ్రోగించిన షేక్ చినమౌలానా కచేరీలలోనైనను, ఆ గమకముల క్రింద శ్రుతి పట్టువాడు ఊపిరి తెగనీయక నిలిపిన ఒక్క స్వరమే నేలయై పఱచుకొనియుండెడిది. వింటినారి, తంబుర, శ్రుతి సన్నాయి, బేస్ గిటారు, వీనిని వరుసగా తలచుకొన్నప్పుడెల్ల, ఈ సీమ చెవికి మంద్రము పుట్టువిద్య యని నాకు తోచును.

నాలుగు తీగెల రాక

1951లో కాలిఫోర్నియాలో లియో ఫెండర్ అను రేడియో మరమ్మతుదారుడు బేస్ గిటారును విపణిలో పెట్టకమునుపు, మంద్రస్వరమును పలికింపవలెనన్నచో మనిషికంటె ఎత్తైన డబుల్ బేస్‌ను నిలబెట్టి, మెట్లులేని మెడమీద చెవియే ప్రమాణముగా వ్రేళ్లను వెదకుకొనవలసియుండెడిది. ఆయన దానిని గిటారువలె భుజమునకు తగిలించుకొను కొయ్యపలకగా మార్చి, 34 అంగుళముల తీగెకొలతను నిర్ణయించి, మెడమీద మెట్లు బిగించి, స్వరము తప్పని వాద్యమను భావమున ‘ప్రెసిషన్ బేస్’ అని నామకరణము చేసెను. నాలుగు తీగెలు సెకనుకు 41, 55, 73, 98 కంపనములతో పలుకును.

మదరాసు రికార్డింగు థియేటర్లు ఈ వాద్యమును అక్కున జేర్చుకొన్నవి. ఇళయరాజా పాటలలో శశిధరన్ వంటివారు వాయించిన బేస్ నడకలను విని దక్షిణదేశపు యువకులు ఈ విద్యను చెవితోనే అభ్యసించిరి. ఆ ఇళయరాజాయే సినిమాకు రాకపూర్వము యువ ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం పాటకచేరీ బృందములో వాద్యకారుడుగా తిరిగినవాడు. కచేరీ వేదిక చిత్రసంగీతమునకు దాసి కాదనియు, దానికి పాఠశాల యనియు చెప్పుటకు ఇంతకంటె నిదర్శన మేల? గుంటూరు, ఒంగోలు సీమలలో వేరొక పాఠశాలయు గలదు. 1842లో మిషనరీ హయ్యర్ గుంటూరు వచ్చి నాటిన లూథరన్ సంఘమును, మిషనరీ క్లౌ కాలమున ఒంగోలు చుట్టుపట్ల విస్తరించిన బాప్టిస్టు సంఘమును పల్లెపల్లెన దేవాలయములు నిలుపగా, నేడు ఆదివారపు ఆరాధనలో తొలిసారి బేస్ తీగెను మీటిన బాలుడు, శనివారపు రాత్రి పెండ్లి కచేరీలో తన వాద్యముతో అన్నము సంపాదించుకొనుచున్నాడు.

నేలనుబట్టి వాద్యము

ఇక ఎంపిక. ప్రభ ముందు, సీరియల్ దీపముల క్రింద వాయించువాడు మొదట పరీక్షింపవలసినది తీగెల క్రింది పికప్‌ను. ఒకే చుట్టగల పికప్ గాలిలోని విద్యుత్తునంతయు పట్టి పలుకును. 1957లో ఫెండర్ సంస్థ ప్రెసిషన్ బేస్ పికప్‌ను రెండు ముక్కలుగా చీల్చి, ఒకదాని చుట్టును, అయస్కాంతమును రెండవదానికి ఎదురుగా అమర్చెను. తీగెనాదము రెంటను కూడుకొనును, హుంకారము ఒకదానినొకటి రద్దుచేసికొనును. 1960లో వచ్చిన జాజ్ బేస్ నమూనాలో రెండు వేర్వేరు పికప్‌లుండును. రెంటిని సమముగా తెరచినపుడే ఆ రొద అణగును. నా మాట వినువాడు తిరునాళ్లకు చీలిన పికప్ గల వాద్యమునే పట్టుకొనిపోవలెను. యమహా యైనను, కోర్ట్ యైనను, ఫెండర్‌వారి చవుక శ్రేణి స్క్వైర్ యైనను, తలమీది పేరుకంటె ఈ అమరిక విలువైనది.

రొద మిక్కుటమైనపుడు కొందఱు ప్లగ్గు మూడవ కాలిని విఱిచివేయుదురు. చేతులు జోడించి చెప్పుచున్నాను, ఆ పని ఎన్నడును చేయకుడు. ఒకానొక ఊరిలో, ఎర్త్ సరిగా లేని వేదికమీద, ఎడమచేయి తీగెలమీద నుండగా నా పెదవి మైకునకు తగిలి, కన్నుల యెదుట మెఱుపు మెఱసిన క్షణము ఇంకను నా దేహమునకు జ్ఞాపకమున్నది. జనరేటరు ప్రక్కన నేలలో దిగగొట్టిన ఇనుపకడ్డీ చుట్టు నీరు పోసి తడిపినారా లేదా అని మైకుసెట్టువానిని అడుగుట, టెస్టరుతో మైకు జాలీని తాకి చూచుట, ఇవి శ్రుతి చేసికొనుటకు ముందు చేయవలసిన పనులు.

రెండవది కొయ్య. రెంటచింతల ఎండకును చీరాల సముద్రపు తేమకును నడుమ ఒకే వారములో ప్రయాణించు మెడ వంగును, నిక్కును. తీగెలు మెట్లకు తగిలి గరగరలాడును. మెడలోని ఉక్కుకడ్డీ బిగింపును పావుచుట్టుకు మించక సవరించుకొను విద్యను ప్రతి వాద్యకారుడును నేర్వవలెను. కారు డిక్కీలో మిట్టమధ్యాహ్నము గిటారును విడుచుట పసిబిడ్డను విడుచుటతో సమానము. కొనునపుడు వాద్యమును అరగంట నిలబడి మోసి చూడుడు. మూడున్నర గంటల కచేరీలో నాలుగు కిలోలు పది కిలోలగును. పన్నెండవ మెట్టుమీద తీగెను తేలికగా తాకి పలికించిన స్వరమును, అదే మెట్టుమీద నొక్కి పలికించిన స్వరమును సరిపోల్చుడు. పిమ్మట వైరు తగిలింపకయే, కొయ్య కొమ్ముకు చుబుకమానించి లావుతీగెను మీటుడు. నాదము ఎముకలోనికి దిగి, తొందరపడక చల్లారినచో, ఆ కొయ్య మీకు తోడగును.

తీగెల సంగతి. గుండ్రని తీగె చుట్టిన రకము మిలమిల పలుకును గాని, చెమటకును ధూళికిని త్వరగా మూగవోవును; బల్లపఱుపు చుట్టుగల రకము మెత్తగా, గంభీరముగా పలుకుచు ఏండ్లతరబడి నిలుచును. మిరపకల్లాల నడుమ తిరుగువానికి రెండవదే హితము. శివరాత్రి నాటికి చేలన్నియు ఎఱ్ఱని తివాచీలై, గాలియంతయు ఘాటై యుండగా, ఆ సన్నని ధూళి శబ్దపు మీటలలో దూరి, త్రిప్పినప్పుడెల్ల గరగరమనిపించును. బ్యాటరీతో నడుచు వాద్యమైనచో, వైరు తగిలించియున్నంతసేపు 9 వోల్టుల బ్యాటరీ కరుగుచునే యుండునని మరువరాదు.

ఆంప్లిఫయరును గూర్చి ఒక్క మాట. లావుతీగె నాదపు అల గాలిలో ఎనిమిది మీటర్లకు పైబడిన పొడవు గలది. పంటకోసిన బయలులో దానిని తిరిగి పంపు గోడ లేదు, శామియానా గుడ్డ దానిని ఆపలేదు. చెవికి రెండింతలుగా వినిపింపవలెనన్న పదింతల శక్తి కావలెను. కావున బయలునంతటిని మీ పెట్టెతోనే నింపజూడక, ఆ భారమును డి.ఐ. బాక్సు ద్వారా మైకుసెట్టునకు అప్పగించి, మీ పెట్టెను మీ చెవికిని డ్రమ్ముల వాని చెవికిని మాత్రమే ఉంచుకొనుడు. కల్యాణమండపములో దీనికి విపరీతము: సిమెంటు గోడలు ఒకటి రెండు స్వరములను ఉబ్బించును, అచట మంద్రపు మీటను తగ్గించినవాడే పాట మాటలను కాపాడినవాడు.

కట్ట మారిన వేళ

వాద్యము ఎంత మంచిదైనను, చేయి ఎవరిని మోయుచున్నదో ఎరుగవలెను. రాత్రి రెండు గంటల వేళ, మంచుకు గొంతు బొంగురుపోయిన గాయని వెనుకకు తిరిగి, “అన్నా, ఒక కట్ట దించు” అనును; పాట శ్రుతిని ఒక స్థానము తగ్గించుమని దాని యర్థము. కీబోర్డు వాయించువాడు ఒక మీట నొక్కును. అతని వ్రేళ్లు ఎప్పటి చోటనే యుండును, యంత్రమే స్వరమును దించును. బేస్ వాయించువానికి ఆ మీట లేదు. పాటనంతటిని తన చేతితో ఎత్తి అంతమేర క్రిందికి జరుపుకొనవలెను. ఇంతసేపు ఆధారమైన విడితీగెలు పరాయివగును. ఆ నడకను క్రొత్త చోట, రెండవ తాళపు దెబ్బ పడులోపల, ఎవ్వరికిని తెలియకుండ నిలబెట్టవలెను. ఆ పాట ముగిసినపుడు చప్పట్లు గాయనికి చెందును, చెందవలసినది ఆమెకే. ఆమె నిర్భయముగా పై స్థాయి నందుకొనగలిగినది క్రింద నేల కదలనందున నని ఎరిగిన తృప్తికి సాటియైన కానుక నేనెరుగను.

ఒకనాడు కచేరీ నడుమ వేదిక చెంతకు వచ్చిన పెద్దాయన ఒకరు అడిగిరి: “ఏం అబ్బాయ్, అందరి గిటార్లకీ ఆరు తీగలుంటే నీదానికి నాలుగే ఉన్నయ్యేంది?” నేను సమాధానము చెప్పక లావుతీగెను మీటితిని. ఆయన చేతిని రొమ్ముమీద నుంచుకొని క్షణమాగి, “చెవికి కాదయ్యా, ఇక్కడికి తగులుతంది” అనిరి. బేస్ గిటారును గూర్చి నేను చదివిన ఏ వ్యాఖ్యయు దీనిని మించలేదు.

తెల్లవాఱుజామున జనరేటరు ఆగును. ప్రభమీది దీపములు వరుసవరుసగా చీకటిలో కలియును. రాత్రియంతయు స్పీకరులో కాపురమున్న ఆ రొద తొలగి, బండ్ల గలగల, కొండమీది గంట వినవచ్చును. అప్పుడు నేను పెట్టె చెంత కూర్చుండి, పాత నూలుపంచె చింపిన ముక్కతో ఒక్కొక్క తీగెను మొదలునుండి చివరవరకు తుడిచెదను. చెమట, మంచు, మిరపధూళి ఆ గుడ్డకు అంటి, తెల్లని నూలు ఎఱ్ఱబాఱును. లావుతీగెమీద గుడ్డ జాఱునపుడు, వైరు లేకయే, స్పీకరు లేకయే, అది సన్నగా ధ్వనించును: పత్తియు నారియు ఒరసికొన్న ఆ పాతనాదమును వినుచు పెట్టె మూసెదను.