ఒకే జాబు రెండుసార్లు వచ్చినా జమ ఒక్కసారే పడాలి

మంగళవాడలో మన తెలుగు ఇళ్లవాళ్లు ఇప్పుడు అంగడి బాకీ మొదలు ఉగాది చందా దాకా ఫోన్‌లోనే కడుతున్నారు. ఒక పెద్దాయన సంఘానికి 500 రూపాయల చందా పంపితే ‘పెండింగ్’ అని చూపింది. మళ్లీ పంపారు. రెండూ జమయ్యాయి. ఒకటి వెనక్కి ఇచ్చేశాం. ఇలా ఎందుకవుతుందో బెంగళూరులో సాఫ్ట్‌వేర్ పనిలో ఉన్న మన పిల్లలను అడిగి తెలుసుకుని రాస్తున్నాం.

కంప్యూటర్లు ఒకదానికొకటి జాబుల్లాంటివి పంపుకుంటాయి. పంపినది ‘అందింది’ అనే జవాబు కోసం కాచుకుంటుంది. నెట్‌వర్కు పోయి జవాబు రాకపోతే, పోయింది జాబో జవాబో దానికి తెలియదు. అందుకని అదే జాబు మళ్లీ పంపుతుంది. పంపకపోతే డబ్బు మధ్యలో చిక్కుకోవచ్చు. కాబట్టి జాగ్రత్త అందుకునేవైపు ఉండాలి.

గుమాస్తాలకు ఇది కొత్త కాదు. మేము ఆఫీసులో ఉన్న రోజుల్లో ఒకే అర్జీ నేరుగా ఒకసారి, పై అధికారి ద్వారా ఇంకోసారి వచ్చేది. ఇన్‌వర్డ్ రిజిస్టరులో నంబరు, తేదీ చూసి పాత ఫైలులోనే కట్టేవాళ్లం. ప్రోగ్రాము కూడా మూడు పనులు చేయాలి.

ఒకటి: ప్రతి జాబుకూ పంపేవైపే ఒక నంబరు ఉండాలి. మళ్లీ పంపినా అదే నంబరు. మొత్తం చూసి పోల్చకూడదు. ఒకే ఇంట్లో అన్నదమ్ములిద్దరూ 500 చొప్పున ఇవ్వవచ్చు గదా!

రెండు: జమ వేయడం, నంబరు రాయడం రెండూ కలిసే జరగాలి, లేదా రెండూ జరగకూడదు. జమ వేసి నంబరు రాసేలోపు మెషీన్ ఆగిపోతే, మళ్లీ వచ్చిన జాబు కొత్తదిగా కనబడుతుంది. నంబరు రాసి జమ వేయకపోతే డబ్బు ఎప్పటికీ పడదు.

మూడు: రెండోసారి వచ్చినదానికీ ‘అందింది’ అని చెప్పాలి. లేకపోతే అది వస్తూనే ఉంటుంది.

మరి పెద్దాయనకు రెండుసార్లు ఎందుకు పోయింది? మెషీన్ తిరిగి పంపితే పాత నంబరే. మనం మళ్లీ కడితే కొత్త నంబరు, కొత్త చెల్లింపు. దాన్ని ఏ రిజిస్టరూ పట్టుకోలేదు.

కాబట్టి ‘పెండింగ్’ అని వస్తే మళ్లీ కట్టకండి. 2019 సెప్టెంబరు 20 నాటి రిజర్వు బ్యాంకు ఉత్తర్వు ప్రకారం, యూపీఐలో మన ఖాతాలో డబ్బు తగ్గి అవతలి ఖాతాకు చేరకపోతే మరుసటి రోజుకల్లా తిరిగి జమ కావాలి. ఆలస్యమైతే రోజుకు 100 రూపాయలు మనకు ఇవ్వాలి. అంగడివారికి కట్టినదైతే గడువు 5 రోజులు.

ఇకమీదట సంఘం రసీదులో 12 అంకెల యూపీఐ నంబరు రాస్తాం. చందా పంపినవారు ఆ నంబరు తప్పక చెప్పండి.