పచ్చిరసం తాగితే ఎంజైములు ఒంటబడతాయా?

అపోహ: పచ్చికూరల్లోని ఎంజైములు మనకు ఒంటబడతాయి. వండితే ఆ బలమంతా పోతుంది.

వాస్తవం: వేడికి ఎంజైములు పాడవుతాయన్న మాట నిజమే. తప్పంతా మొదటి మాటలో ఉంది. కొన్ని ఆర్‌ఎన్‌ఏ అణువులను మినహాయిస్తే ఎంజైములన్నీ ప్రోటీన్లే. ఆకారం చెడితే ఇక పని చేయవు. పప్పులోని ప్రోటీన్‌కు కడుపులో ఏ గతి పడుతుందో క్యారెట్ రసంలోని ఎంజైముకూ దాదాపు అదే గతి. ఆమ్లానికి ఆకారం చెడుతుంది, పెప్సిన్ దాన్ని ముక్కలు చేస్తుంది, చివరికి ఎక్కువ భాగం అమైనో ఆమ్లాలుగా రక్తంలో కలుస్తుంది. మనకు కావలసిన ఎంజైములను మన కణాలే తయారు చేసుకుంటాయి.

మరి క్లోమం దెబ్బతిన్నవారికి డాక్టర్లు ఎంజైము క్యాప్సూళ్లు ఎందుకు రాస్తారు? ఆమ్లానికి చెడిపోకుండా వాటికి పూత ఉంటుంది. పేగులో ఉన్న తిండిని అరిగించడమే వాటి పని, ఒంట్లో చేరి బలమివ్వడం కాదు. పచ్చికూరలు పీచు కోసం, విటమిన్ సి కోసం తినండి. ఎంజైముల పేరు చెప్పి రసం సీసా అమ్మేవారికి మాత్రం డబ్బు పోయకండి.

అపోహ: ఎంజైములంటే కంటికి కనిపించని సూక్ష్మజీవులు.

వాస్తవం: 1897లో జర్మనీ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ బుక్నర్ ఈస్ట్‌ను ఇసుకతో కలిపి నూరి రసం పిండాడు. అది చెడిపోకుండా ఉండాలని చక్కెర కలిపితే బుడగలొచ్చాయి! బతికున్న కణాలు లేకుండానే చక్కెర ఆల్కహాల్‌గా మారింది. 1907లో ఆయనకు నోబెల్ వచ్చింది. పెరుగు తోడులోని బ్యాక్టీరియా జీవులే, వాటి లోపల పని నడిపించే ఎంజైములు మాత్రం జీవులు కావు.

అపోహ: ఎంజైములకు అరుగుదల తప్ప వేరే పని లేదు.

వాస్తవం: డీఎన్‌ఏకు నకలు తీసేదీ ఎంజైములే. వంటింట్లోనే చూడాలంటే వంకాయ తరిగి కాసేపు వదిలేయండి. కోసినచోట కణాలు చిట్లి, పాలీఫినాల్ ఆక్సిడేజ్ అనే ఎంజైముకు ఫినాల్ పదార్థాలు, గాలిలోని ఆక్సిజన్ ఒకేసారి దొరుకుతాయి. ముక్క నల్లబడుతుంది. ఉప్పునీళ్లలో వేస్తే గాలి అంతగా తగలదు, ఉప్పు కూడా ఎంజైమును కొంత అణచిపెడుతుంది.

అపోహ: పని చేసేకొద్దీ ఎంజైము ఖర్చయిపోతుంది.

వాస్తవం: కాదు. ఒక చర్య ముగియగానే మరో అణువును పట్టుకుంటుంది. మన కణాల్లోని కాటలేజ్ అణువు ఒక్కటే సెకనుకు లక్షలాది హైడ్రోజన్ పెరాక్సైడ్ అణువులను విడగొట్టగలదు.

అపోహ: ఫ్రీజర్‌లో పెడితే ఎంజైములు చచ్చిపోతాయి.

వాస్తవం: చలికి వాటి పని మందగిస్తుంది, అంతే. వాటిని పాడుచేసేది వేడి. అందుకే పచ్చి బఠాణీలు నెలల తరబడి దాచుకోవాలంటే ముందు మరిగే నీళ్లలో రెండు నిమిషాలు ఉంచి, చల్లటి నీళ్లలోకి తీసి, ఆరాక ఫ్రీజర్‌లో పెట్టండి.