వేసవి గాలివానలు, వరద హెచ్చరికలు – తార్‌బహార్ నుండి ఒక పరిశీలన

బిలాస్‌పూర్ రైల్వే స్టేషనుకు చేరువలో, పట్టాలను ఆనుకొని ఉన్న పేట తార్‌బహార్. వైశాఖ మాసంలో మధ్యాహ్నవేళ ఇక్కడి వీధులు నిర్మానుష్యంగా ఉంటాయి. ఎండ 45 డిగ్రీలను తాకే రోజులవి. సాయంత్రం నాలుగు గంటల ప్రాంతంలో ఆకాశపు అంచున నల్లని మబ్బు తల ఎత్తుతుంది. ముందు దుమ్ము లేస్తుంది. ఆ వెనుక ఈదురుగాలి, ఉరుములు, పెద్ద పెద్ద చినుకులు, ఒక్కొక్కసారి వడగండ్లు. గంట గడిచేసరికి అంతా సద్దుమణుగుతుంది. ఒక వీధిలో కాలువ పొంగి ఇంటి గడపను తాకితే, రెండు కిలోమీటర్ల అవతల నేల తడిసి ఉండదు.

ఈ పేట గురించి తెలుగు పాఠకులకు చెప్పడానికి కారణం ఉన్నది. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే 1902లో వాల్తేరు నుండి కటకం వరకు గల మార్గాన్ని కూడా తన అధీనంలోకి తెచ్చుకొన్నది. నాటి నుండి ఉత్తరాంధ్ర పల్లెల వారికి ‘బి.ఎన్.ఆర్. ఉద్యోగం’ సుపరిచితమైన మాట అయినది. ఖరగ్‌పూర్‌కు, బిలాస్‌పూర్‌కు అనేక కుటుంబాలు తరలివెళ్ళి స్థిరపడ్డాయి. 2003 నుండి బిలాస్‌పూర్ ఆగ్నేయ మధ్య రైల్వేకు ప్రధాన కేంద్రం. ఇటువంటి కుటుంబాలలో కొందరికి శ్రీకాకుళం, పాలకొండ, పార్వతీపురం వైపు ఎకరమో రెండెకరాలో భూమి నేటికీ ఉన్నది. సాగు కౌలుదారుది, పట్టా వీరిది, పంట ఋణం ఎవరో ఒకరిది. కనుక తార్‌బహార్‌లో మబ్బు పట్టినప్పుడు వారి మనస్సు రెండు చోట్ల ఉంటుంది: ఇంటి ముందరి కాలువ వద్ద ఒకటి, ఊరి కల్లం వద్ద ఒకటి.

ఈ గాలివానలు పుట్టే తీరు కొంత తెలుసుకోవాలి. వేసవిలో ఛత్తీస్‌గఢ్ మైదానం, ఛోటానాగపూర్ పీఠభూమి విపరీతంగా వేడెక్కుతాయి. బంగాళాఖాతం నుండి తేమగాలి నేలకు దగ్గరగా లోపలికి వస్తుంది. పై ఎత్తులలో పడమటి నుండి పొడిగాలి వీస్తూ ఉంటుంది. వేడెక్కిన తేమగాలి ఒక్కసారిగా పైకి లేచి పది, పదిహేను కిలోమీటర్ల ఎత్తున మబ్బుగా పేరుకొంటుంది. అంత ఎత్తున ఏర్పడిన మంచుగడ్డలే వడగండ్లు. మబ్బులోని చల్లగాలి ఒక్క ఊపున నేలమీదికి దిగినప్పుడు వచ్చేదే ఆ ఈదురుగాలి. బెంగాలీలు ‘కాల్ బైశాఖి’ అని పిలిచే గాలివానలు ఈ జాతివే. ఉత్తరాంధ్రలో మామిడి కాయను రాల్చి, అరటి తోటను పడగొట్టే గాలివానకూ మూలసూత్రం ఇదే.

ఒక్కొక్క మబ్బు ఆక్రమించే స్థలం కొద్ది కిలోమీటర్లు మాత్రమే. దాని ఆయుష్షు ఒకటి రెండు గంటలు. ఫలానా జిల్లాలో ఉరుములతో కూడిన వానకు అవకాశం ఉన్నదని ముందురోజే చెప్పవచ్చును గాని, ఏ గ్రామంలో పడుతుందో చెప్పడం సాధ్యం కాదు. ‘రేడియోలో చెప్పారు, మా ఊళ్ళో పడలేదు’ అని నవ్వుకొని, మరుసటిసారి చెప్పినప్పుడు పట్టించుకోని వారు చాలామంది. వారిని తప్పు పట్టలేము. అయినను పడని వానకు కప్పిన బరకం ఖర్చు ఎంత, పడిన వానకు కప్పని కుప్ప నష్టం ఎంత అని ఒక్కసారి లెక్క వేసుకొంటే ఆ నవ్వు నిలువదు.

భారత వాతావరణ శాఖ 1875 నుండి పనిచేస్తున్న సంస్థ. దాని ప్రకటనలలోని మాటలకు కొలతలు ఉన్నాయి. ఇరవై నాలుగు గంటలలో 64.5 మిల్లీమీటర్ల నుండి 115.5 వరకు పడితే అది ‘భారీ వర్షం’, 204.4 వరకు ‘అతి భారీ’. అంతకు మించితే ‘అత్యంత భారీ’. పసుపు రంగు వేస్తే గమనిస్తూ ఉండమని, నారింజ వేస్తే సిద్ధపడమని, ఎరుపు వేస్తే వెంటనే రక్షణ చర్యకు దిగమని అర్థం. వీటికి తోడు రాబోయే మూడు గంటలకు మాత్రమే ఇచ్చే తక్షణ సూచన ఉన్నది. గాలివానల విషయంలో రైతుకు అన్నిటికంటే ఉపయోగపడేది ఇదే. పిడుగుల సమాచారానికి ‘దామిని’ అనే మొబైల్ యాప్ కూడా ఉన్నది.

పిడుగుల విషయం తేలికగా తీసుకోరాదు. 2018 ఏప్రిల్ 24న ఆంధ్రప్రదేశ్‌లో పదమూడు గంటల వ్యవధిలో 36,749 పిడుగులు నమోదయ్యాయి. దేశంలో ఇటీవలి సంవత్సరాలలో పిడుగుపాటుకు మరణించినవారు ఏటా రెండువేల అయిదు వందలకు పైగానే ఉన్నారు. వీరిలో అధికులు పొలంలో ఉన్నవారు, పశువులను తోలుకొని వస్తున్నవారు, చెట్టు కిందికి చేరినవారు. మెరుపు కనిపించిన తరువాత ముప్పై లెక్కపెట్టేలోగా ఉరుము వినబడితే పిడుగు మీకు పది కిలోమీటర్ల లోపల ఉన్నట్లు. పక్కా కప్పు కిందికి వెళ్ళి, చివరి ఉరుము వినబడిన అరగంట వరకు బయటకు రాకుండుట మేలు. ప్రధానమంత్రి సురక్షా బీమా యోజనలో ఏటా 20 రూపాయల ప్రీమియంతో రెండు లక్షల రూపాయల ప్రమాద బీమా ఉన్నది. 18 నుండి 70 సంవత్సరాల వయస్సు గల ఖాతాదారులు ఎవరైనను చేరవచ్చును. ప్రకృతి వైపరీత్యం వలన సంభవించిన ప్రమాద మరణం కూడ ఇందులోకి వస్తుంది. ఖాతాలో ఆ ఇరవై రూపాయలు మే నెలాఖరున లేక పాలసీ ఆగిపోయిన ఇళ్ళను ఈ రచయిత చూశాడు.

ఇక వరద సంగతి. ఛత్తీస్‌గఢ్‌లో భారీ వర్షమనే వార్త రాగానే భద్రాచలంలో ఆందోళన మొదలవుతుంది. ఇందులో సగం నిజం, సగం పొరపాటు. ఆ రాష్ట్రపు దక్షిణాన బస్తర్‌లో పడిన వాన ఇంద్రావతి, శబరి నదుల ద్వారా గోదావరిలో కలుస్తుంది. బిలాస్‌పూర్‌లో పడిన వాన మాత్రం గోదావరి ముఖం చూడదు. పట్టణం మధ్యనుండి పారే అర్పా నది శివనాథ్‌లో కలుస్తుంది; శివనాథ్ మహానదిలో కలుస్తుంది; ఆ నీరు హీరాకుడ్ జలాశయానికి, అక్కడి నుండి ఒడిశా డెల్టాకు పోతుంది. కనుక వార్త వినేటప్పుడు రాష్ట్రం పేరుతో ఆగక, ఏ నదీ పరీవాహమో అడిగి తెలుసుకోవాలి.

అర్పా వేసవిలో చాలావరకు ఇసుక మేటగా కనిపించే నది. అందుచేతనే దానిని చూసి భయపడరు. కొండవాలున గట్టి వాన పడితే మాత్రం నీరు గంటల వ్యవధిలోనే వచ్చిపడుతుంది. మన నాగావళి, వంశధారలదీ ఇదే స్వభావం. ఒడిశా కొండలలో పుట్టి, కొద్ది దూరమే పారి, సముద్రాన్ని చేరుతాయి. గోదావరి వంటి మహానది వేరు. భద్రాచలం వద్ద 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది ఎగురవేస్తారు. ఎగువ నుండి నీరు దిగిరావడానికి పట్టే సమయమే దిగువవారికి రక్షణ. 1986 ఆగస్టులో అక్కడ మట్టం 75.6 అడుగులకు, 2022 జూలైలో 71.3 అడుగులకు చేరినది. చిన్న నదికి, వాగుకు అటువంటి గడువు లేదు. 2024 సెప్టెంబరు మొదటి రోజున విజయవాడ ఇళ్ళలోకి నీరు తెచ్చినది కృష్ణానది కాదు, బుడమేరు.

రైల్వే వారికి ఈ భేదం బాగా తెలుసు. ప్రతి ముఖ్యమైన వంతెన స్తంభం మీద ప్రమాద మట్టాన్ని రంగుతో గీస్తారు. అంతకు మునుపు వచ్చిన గరిష్ఠ వరద మట్టాన్ని, ఆ సంవత్సరాన్ని కూడ వ్రాస్తారు. వర్షాకాలంలో గస్తీ మనిషి రాత్రంతా లాంతరు పట్టుకొని పట్టాల వెంట నడుస్తాడు. నీరు గీతను తాకితే బండి ఆగవలసిందే. తార్‌బహార్ వంటి పేటలలో ఈ పని చేసి విశ్రాంతి తీసుకొంటున్నవారు ఉంటారు. వారిని అడిగితే వానను గురించి పుస్తకాలు చెప్పనిది చెబుతారు.

అంత జాగ్రత్త ఉన్నను దుర్ఘటనలు తప్పలేదు. 2005 అక్టోబరు 29న నల్లగొండ జిల్లా వలిగొండ వద్ద, ఎగువనున్న చెరువు తెగి వచ్చిన వరదకు చిన్న వంతెన కొట్టుకొనిపోయినది. రేపల్లె నుండి సికింద్రాబాదుకు వస్తున్న డెల్టా పాసింజరు తెల్లవారుజామున ఆ గండిలో పడి వందమందికి పైగా మరణించారు. గట్టు తెగిన వార్త పట్టాల వరకు చేరి ఉంటే బండి ఆగి ఉండేది. నదికి మట్టం గీత ఉన్నది. ఊరి చెరువుకు ఎవరు గీశారు? మీ పొలానికి ఎగువన ఉన్న చెరువు కట్ట పరిస్థితి వేసవిలోనే చూసి రావడం, పంచాయతీ దృష్టికి తేవడం ఖర్చులేని పని.

పంట విషయానికి వద్దాము. వేసవి గాలివాన చేసే నష్టం ఎక్కువగా కోత ముందర, కోసిన తరువాత జరుగుతుంది. ఛత్తీస్‌గఢ్ అడవి పల్లెలలో ఇప్ప పువ్వు, తునికాకు సేకరించేది ఈ నెలల్లోనే. వడగళ్ళకు చిల్లులు పడిన తునికాకు బీడీకి పనికిరాదు. మన వైపు రబీ వరి పనల మీద ఉంటుంది, మొక్కజొన్న, మిరప కల్లాల్లో ఆరుతుంటాయి. కొన్న ధాన్యాన్ని ఆరుబయట నిల్వచేసేవారు కింద చెక్క దిమ్మెలు పరచి, బస్తాలను మధ్యలో ఎత్తుగా పేర్చి, బరకాన్ని తాళ్ళతో కట్టాలి. గాలికి ఎగిరిపోయే బరకం లేనిదానితో సమానం.

కొన్నేళ్ళ క్రితం నేను పనిచేసిన ఒక శాఖలో జరిగినది చెబుతాను. మే నెలలో కోసి పరచిన పంట వడగండ్ల వానకు తడిసిపోయినది. రైతు ఆరవ రోజున వచ్చాడు. ‘ఇన్ని రోజులు ఏమి చేశావు బాబూ?’ అని అడిగితే, ‘తడిసినదాన్ని ఎండబెట్టుకొంటున్నానండీ, ఎండితే కొంతైనా వస్తుందని’ అన్నాడు. ఆయన చేసినది నిజానికి మంచి రైతు చేయవలసిన పనే. కాని ఫసల్ బీమా నిబంధనల ప్రకారం ఇటువంటి నష్టాన్ని 72 గంటలలోపల తెలియజేయాలి. ఆ గడువు దాటిపోయినది. ఋణం ఇచ్చిన రోజున ఆ మాట ఆయనకు అర్థమయ్యేటట్లు మా శాఖలో ఎవరూ చెప్పలేదు. కాగితంలో మాత్రం ఉన్నది.

2016లో ప్రారంభమైన ఈ పథకంలో రైతు వాటా ప్రీమియం ఖరీఫ్ ఆహార, నూనెగింజల పంటలకు 2 శాతం, రబీకి 1.5 శాతం, వాణిజ్య, ఉద్యాన పంటలకు 5 శాతం. నోటిఫై చేసిన పంటలకు వడగండ్ల వంటి స్థానిక విపత్తు నష్టాన్ని పొలం వారీగా అంచనా వేస్తారు. కోసి పొలంలో ఆరబెట్టిన పంటకు వడగళ్ళు, తుఫాను వాన, అకాల వర్షాల వలన కలిగే నష్టానికి కోత నాటి నుండి 14 రోజుల వరకు రక్షణ ఉంటుంది. వరి ముంపును 2018లో స్థానిక విపత్తుల నుండి తొలగించారు; 2026 ఖరీఫ్ నుండి తిరిగి చేరుస్తున్నట్లు 2025 నవంబరులో కేంద్రం ప్రకటించినది. మీ జిల్లా నోటిఫికేషన్‌లో ఏమున్నదో శాఖలో అడిగి చూసుకోండి. 2020 ఖరీఫ్ నుండి ఋణం తీసుకొన్న రైతుకు కూడ ఈ బీమా ఐచ్ఛికమే. వద్దని వ్రాసి ఇచ్చి, తరువాత మరచిపోయేవారు లేకపోలేదు. నష్టం తెలియజేయడానికి 14447 నంబరు ఉన్నది. బ్యాంకు శాఖలోను, వ్యవసాయాధికారికిని చెప్పవచ్చును. తడిసిన పనలను ఎత్తే ముందు సర్వే నంబరు తెలిసేటట్లు ఫొటో తీసి ఉంచండి.

తార్‌బహార్‌లో ఉండి పాలకొండలో భూమి కౌలుకిచ్చినవారికి ఇక్కడే చిక్కు. బీమా ఎవరి పేర ఉన్నది? పొలంలో ఉన్న కౌలుదారుకు ఆ నంబరు తెలుసునా? ‘చిన్నాన్నా, వాన పడింది’ అని ఊరినుండి ఫోను వచ్చిన రాత్రి ఈ ప్రశ్నలకు జవాబు వెదకడం కష్టం. నాట్లు వేసే నాడే ఇద్దరూ కూర్చొని మాట్లాడుకోవడం మేలు.

డీలర్లకు ఒక మాట. ఎరువు, విత్తనం గోదాములో మీరు నిల్వ చేసే సరుకు మీద బ్యాంకుకు హక్కు ఉన్నది; బీమా తీసుకోవాలన్న నియమం అందుకే. కాని చాలామంది పాలసీని బీరువాలో పెట్టి చదవరు. అగ్ని ప్రమాదంతోపాటు తుఫాను, గాలివాన, వరద, ముంపు కూడ అందులో ఉన్నవా, లేక ప్రీమియం తగ్గుతుందని ఎవరైనా వాటిని తీయించారా అన్నది ఈ వేసవిలోనే చూడండి. పాలసీలో వ్రాసిన గోదాము చిరునామా, సరుకు ఉన్న చోటు ఒకటేనా? సీజనులో పక్కింటి వసారాలో దించిన రెండు లారీల యూరియా పాలసీకి తెలియదు. తడిసిన విత్తనాన్ని ఎండబెట్టి అమ్మాలన్న ఆలోచన రానీయవద్దు. మొలక రాని విత్తనం మీ వద్ద కొన్న రైతు ఋణాన్ని కూడ మొండి బకాయిగా మారుస్తుంది.

నష్టం విస్తృతంగా జరిగినప్పుడు పంట ఋణాన్ని దీర్ఘకాల వాయిదాలుగా మార్చే వెసులుబాటు ఉన్నది. పూర్వం పంట నష్టం 50 శాతం ఉంటేనే ఇది వర్తించేది. 2015లో ఆ హద్దును 33 శాతానికి తగ్గించారు. దీనికి ప్రభుత్వ ప్రకటన, బ్యాంకర్ల సమావేశం అవసరం. ఒక్క ఊరిలో, ఒక్క సాయంత్రం పడిన వానకు ఆ ప్రకటన రావడం అరుదు. అటువంటి స్థానిక నష్టానికి మిగిలేది 72 గంటలలోపల మీరు చేసే ఫోను, మీ ఫీల్డు ఆఫీసరు వచ్చి చూసి వ్రాసే నివేదిక.

జూన్ మధ్య తరువాత తార్‌బహార్‌లో గాలివానలు తగ్గి ఋతుపవనపు ముసురు పడుతుంది. అప్పటికి వంతెన స్తంభాల మీద గీతలకు కొత్త రంగు వేసి ఉంటారు.