క్రిస్మస్ నుండి కనుమ వరకు: మన ఇంటికి వచ్చే పళ్ళెం



ఈ పండుగ రోజుల్లో ఎవరి వంట వారే తినడం మన ఇండ్లలో లేదు. క్రిస్మస్‌కు మనం చేసిన గులాబీ పువ్వులు, కారప్పూస, కేకు ఇరుగుపొరుగు వారికి పంపుతాము. సంక్రాంతికి వారి ఇంటి అరిసెలు, సున్నుండలు మన ఇంటికి వస్తాయి. వచ్చిన పళ్ళెం ఖాళీగా తిరిగి ఇవ్వకూడదని మన పెద్దలు నేర్పారు. నెహెమ్యా కాలంలో కూడా పండుగనాడు ఏమీ వండుకోలేనివారిని మరచిపోకుండా వారికి భోజనం పంపించారని 8వ అధ్యాయంలో చదువుతాము. ఇంత మంచి అలవాటును మానుకోమని మేము చెప్పడం లేదు. అయితే షుగరు, బి.పి., గుండె జబ్బు, కిడ్నీ జబ్బు ఉన్నవారు ఆ పళ్ళెంలో ఏముందో తెలుసుకొని తినాలి. పంపేవారు కూడా అవతలి ఇంట్లో ఎవరున్నారో ఆలోచించి పంపాలి. భారత వైద్య పరిశోధనా మండలి వారి అధ్యయనం 2023లో వెలువడింది. దాని ప్రకారం మన దేశంలో సుమారు 10 కోట్ల మందికి షుగరు వ్యాధి ఉంది. అంటే మనం పళ్ళెం పంపే ఇండ్లలో చాలాచోట్ల షుగరు ఉన్నవారు ఉంటారు.

పండుగ ఒక్కరోజుదేనా?

“ఒక్కరోజు తింటే ఏమవుతుంది డాక్టరుగారూ?” అని చాలామంది అడుగుతారు. నిజంగా ఒక్కరోజే అయితే పెద్ద ఇబ్బంది లేదు. కాని ఒకసారి లెక్క వేసి చూడండి. డిసెంబరు మొదటి వారం నుండి సెమీ క్రిస్మస్ కూడికలు ఉంటాయి. తరువాత క్యారల్స్‌కు వెళ్తే ప్రతి ఇంట్లో టీ, కేకు, బిస్కెట్లు పెడతారు. 25న ఆరాధన, ఆ తరువాత బిర్యానీ. 31 రాత్రి ఆరాధన, జనవరి 1, ఆపైన భోగి, సంక్రాంతి, కనుమ. మొత్తం సుమారు నెలన్నర అవుతుంది.

హెచ్‌బిఎ1సి అనే రక్తపరీక్ష గడచిన రెండు, మూడు నెలల షుగరు సగటును చూపిస్తుంది. ఈ నెలన్నర అందులో సగం. పరీక్షకు ముందు రెండు రోజులు కడుపు కట్టుకున్నా ఆ సగం ఎక్కడికీ పోదు. కాబట్టి ఈ కాలంలో పండుగ భోజనం చేసే రోజులు మూడో నాలుగో ముందే ఎంచుకోండి. మిగతా రోజులు మామూలు పథ్యంలోనే ఉండండి. పిండివంటల డబ్బా చేతికి అందేచోట పెట్టకండి. కబుర్లు చెప్పుకుంటూ డబ్బాలోనుండి తింటే ఎన్ని తిన్నామో తెలియదు. ఒకటి పళ్ళెంలో పెట్టుకొని, మూత పెట్టేసి, కూర్చొని తినండి.

ఏ వంటకంలో ఏముంది?

అరిసెలు: బియ్యప్పిండి, బెల్లం పాకం, నూనె. “చక్కెర కాదు కదా, బెల్లమే కదా” అనుకోవడం పొరపాటు. బెల్లంలో ఎక్కువ భాగం చక్కెరే. తాటిబెల్లం, తేనె కూడా షుగరును పెంచుతాయి. షుగరు ఉన్నవారికి సగం అరిసె చాలు. అది తిన్న పూట అన్నం తగ్గించాలి.

సున్నుండలు: మినుములు బలమే. కాని నెయ్యి, చక్కెర కూడా అంతే ఉంటాయి. చిన్నది ఒకటి, అదీ ఎప్పుడో ఒకరోజు.

కేకు, గులాబీ పువ్వులు: మైదా లేక బియ్యప్పిండి, చక్కెర, కొవ్వు. చక్కెర వేయలేదని అమ్మే కేకులో కూడా మైదా, కొవ్వు ఉంటాయి. అది షుగరు పెంచదని అనుకోవద్దు.

జంతికలు, కారప్పూస, చేగోడీలు: తీపి లేదు కాబట్టి ఎన్నైనా తినవచ్చని కొందరు అనుకుంటారు. వీటిలో పిండి, నూనె, ఉప్పు ఉన్నాయి. పెద్దవారికి రోజు మొత్తానికి ఉప్పు 5 గ్రాములు, అంటే ఒక టీస్పూనుకు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. కూర, పచ్చడి, జంతికలు అన్నిటిలోని ఉప్పు కలిపి ఈ లెక్క. బి.పి. ఉన్నవారు, గుండె నీరసించి కాళ్ళవాపు, ఆయాసం ఉన్నవారు వీటి విషయంలో జాగ్రత్తగా ఉండాలి.

బిర్యానీ: గరిటెతో కాక చిన్న గిన్నెతో కొలిచి ఒకసారే పెట్టుకోండి. ముందు కీరా, ఉల్లి, క్యారట్ ముక్కలు తినండి. మాంసం ముక్కలు తీసుకొని అన్నం తగ్గించండి. కూల్‌డ్రింకుకు బదులు నీళ్ళు గాని, ఉప్పు వేయని పలుచని మజ్జిగ గాని తాగండి.

మందుల విషయంలో

“ఈరోజు ఎలాగూ తింటాం, మాత్ర ఎందుకు” అని మానేయకండి. “ఎక్కువ తింటాం, రెండు వేసుకుందాం” అని కూడా అనుకోకండి. రెండూ ప్రమాదమే.

ఉదయం ఇన్సులిన్ వేసుకొని టీ మాత్రం తాగి ఆరాధనకు వస్తే, ఆరాధన మధ్యాహ్నం దాటే సమయానికి షుగరు పడిపోవచ్చు. టిఫిన్ తిని రండి. జేబులో గాని, చేతిసంచిలో గాని కొంచెం చక్కెర ఉంచుకోండి. ఉపవాస ప్రార్థనలో ఉండాలనుకునే షుగరు రోగులు ముందుగా డాక్టరుగారితో మాట్లాడాలి.

చెమటలు, వణుకు, గుండెదడ, విపరీతమైన ఆకలి, మాట తడబడటం షుగరు పడిపోయిన లక్షణాలు. మీటరులో 70 కంటే తక్కువ ఉంటే, లేదా మీటరు లేకపోయినా ఈ లక్షణాలుంటే, మూడు టీస్పూన్ల చక్కెర నీళ్ళలో కలిపి తాగించండి. 15 నిమిషాల తరువాత మళ్ళీ చూడండి. తగ్గకపోతే మరోసారి ఇవ్వండి. స్పృహ లేనివారి నోట్లో ఏదీ పోయకండి. పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి.

కిడ్నీ రోగులకు

పండ్లు అందరికీ మంచివే అనుకుంటాము. కిడ్నీ జబ్బు ముదిరినవారికి, డయాలసిస్ చేయించుకునేవారికి అరటిపండు, కమలాపండు, కొబ్బరినీళ్ళు, ఎండుఫలాలలోని పొటాషియం ఎక్కువై గుండె లయ తప్పవచ్చు. డాక్టరుగారు చెప్పిన మేరకే తినండి. నీళ్ళ లెక్కలో టీ, పాయసం, మజ్జిగ కూడా చేర్చండి. పండుగ అని డయాలసిస్ ఒక్కటి కూడా తప్పించవద్దు.

ప్రేమ విందు వండేవారికి

ఉదయం వండిన అన్నం, బిర్యానీ గిన్నెలలో చల్లారి మధ్యాహ్నం వరకు ఉంటే అందులో సూక్ష్మక్రిములు పెరుగుతాయి. వాటిలో కొన్ని విడిచే విషం మళ్ళీ వేడి చేసినా పోదు. వండిన పదార్థాన్ని వేడిగా ఉంచండి, లేదా రెండు గంటలలోపు వడ్డించండి. వాంతులు, విరేచనాలు ఉన్నవారిని ఆ రోజు వంటకు, వడ్డనకు పెట్టకండి. వడ్డించేటప్పుడు బలవంతం చేయకండి. “కొంచెం చాలు” అన్నవారికి కొంచెమే పెట్టడం కూడా ప్రేమే.

పళ్ళెం పంపేవారికి

పంపే ఇంట్లో షుగరు ఉన్న పెద్దవారుంటే అరిసెలు ఆరు పంపేచోట రెండు పంపండి. మిగతా పళ్ళెంలో జామకాయలు, వేయించిన పల్లీలు, ఉడికించిన శనగలు పెట్టండి. ఎక్కువైన స్వీట్లు ఇంట్లో నిలవ ఉంచుకోకుండా, పండుగ చేసుకోలేని ఇంటికి ఆ రోజే పంపండి. పళ్ళెం అందుకున్న పెద్దవారు వద్దంటే పిల్లలు నొచ్చుకుంటారని చాటుగా తింటూ ఉంటారు. అందుకే వారు అడగకముందే ఇంట్లోవారు చిన్న భాగం తీసి పెట్టి, అందరితోపాటు తిననివ్వండి.

ఆలస్యం చేయకూడనివి

విందు తరువాత గుండెలో బరువు, నొప్పి ఎడమ చేతికి గాని దవడకు గాని పాకడం, చెమటలు, ఆయాసం వస్తే గ్యాస్ అనుకొని సోడా తాగుతూ కూర్చోకండి. వెంటనే 108కి ఫోన్ చేయండి. మూతి వంకర పోవడం, మాట తడబడటం, ఒకవైపు చెయ్యి, కాలు పడిపోవడం పక్షవాత లక్షణాలు. మొదటి గంటలు చాలా విలువైనవి. షుగరు ఎక్కువై వాంతులు, విపరీతమైన దాహం, మత్తు ఉంటే కూడా తెల్లవారే వరకు ఆగకండి. పండుగనాడు డాక్టర్లను ఇబ్బంది పెట్టడం ఎందుకని మొహమాటపడి ఇంట్లో ఉండిపోకండి. పండుగ రోజు కూడా అత్యవసర వైద్యం అందుతుంది.

కనుమ వెళ్ళిన వారంలో షుగరు, బి.పి. ఒకసారి చూపించుకోండి. ఏమి తిన్నారో దాచకుండా చెప్పండి. మేము కోప్పడము. తెలిస్తేనే మందు సరిచేయగలము.

మీకు, మీ కుటుంబాలకు క్రిస్మస్, నూతన సంవత్సర శుభాకాంక్షలు. దేవుడు మీకు ఆరోగ్యమును, సమాధానమును దయచేయును గాక.