విదేశములలో మీడియా విద్య: పేరొకటి, చదువులు మూడు

ఉదయముననే ఇరానీ హోటలులో ఒక బల్ల చుట్టు కూర్చున్నవారిని గమనింపుడు. ఒకని చేత ఉర్దూ పత్రిక, వేరొకని చేత తెలుగు పత్రిక, మూడవవాని చేత సెల్‌ఫోను ఉండును. ఊరిలో జరిగిన సంఘటన ఒక్కటే; కాని మూడింటిలోను అది మూడు విధములుగా కనబడును. ఒక పత్రికలో మొదటి పుటకెక్కిన వార్త, రెండవ పత్రికలో లోపలి పుట మూలన నాలుగు పంక్తులతో సరి. ఫోనులో వచ్చినది వార్తయో వదంతియో తేల్చుకొనుట కష్టము. ఇట్లేల జరుగుచున్నది? వార్తను ఎన్నుకొనువారెవరు? చదివినవాడు దానిని నమ్ముచున్నాడా? నమ్మి ఏమి చేయుచున్నాడు? ఈ ప్రశ్నలను క్రమపద్ధతిలో విచారించు విద్యయే కమ్యూనికేషన్, మీడియా అధ్యయనము.

ఈ విద్యకై విదేశములకు పోవలెనను కోరిక మన విద్యార్థులలో నానాటికి పెరుగుచున్నది. ప్రతి సంవత్సరము పరీక్షలు ముగియుచుండగనే కొందరు మా యొద్దకు వచ్చి, "సార్, మీడియా చదువుటకు ఏ దేశము మంచిది?" అని అడుగుచుందురు. "మీడియాలో ఏమి చదువదలచితివి?" అని మేము మారు ప్రశ్న వేయుదుము. పెక్కురు సమాధానము చెప్పలేరు. తప్పు వారిది కాదు. ఆ పేరు క్రింద ఒకటి కాదు, మూడు చదువులున్నవని వారికెవ్వరును చెప్పలేదు.

ఈ తేడా తెలియక నష్టపడినవారిని మేమెరుగుదుము. చిన్న దుకాణదారుని కుమారుడొకడు, కెమెరా పట్టి వార్తాచిత్రములు తీయు పని నేర్చుకొనవలెనను ఆశతో, తండ్రి ఇల్లు తాకట్టు పెట్టి తెచ్చిన సొమ్ముతో ఒక విదేశీ విశ్వవిద్యాలయమున చేరెను. కోర్సు పేరులో 'మీడియా' అను మాట ఉన్నది. అంతియే అతడు చూచినది. సంవత్సరమంతయు సిద్ధాంత గ్రంథములు చదివి వ్యాసములు వ్రాయుటతో సరిపోయెను; కెమెరా అతని చేతికి రానే లేదు. ఆ చదువు చెడ్డది కాదు. కాని అతడు కోరినది అది కాదు. తాకట్టు వడ్డీకి ఈ భేదముతో పనిలేదు గదా! అట్టి పొరపాటు మన విద్యార్థులకు మరల జరుగకుండుటకే ఈ వ్యాసము.

మొదటి చదువు వృత్తివిద్య. వార్త సేకరించుట, వ్రాయుట, సరిదిద్దుట, చిత్రీకరించుట ఇందలి విషయములు. అమెరికాలోని మిస్సోరి విశ్వవిద్యాలయమున 1908లో వాల్టర్ విలియమ్స్ జర్నలిజము పాఠశాలను స్థాపించెను. పాఠశాల తెరచిన దినముననే విద్యార్థులు ఒక దినపత్రికను వెలువరించిరి. అది తరగతి గదిలో దాచుకొను పత్రిక కాదు. ఊరి ప్రజలు చదువు పత్రిక. 1953లో ఆ విశ్వవిద్యాలయము స్వంతముగా టెలివిజన్ కేంద్రమును గూడ నెలకొల్పెను. ఈతకాడు నీటిలో దిగి ఈత నేర్చినట్లు, విలేఖరి వార్తల నడుమనే వృత్తి నేర్వవలెనని వారి మతము. పత్రికాధిపతి జోసెఫ్ పులిట్జర్ ఇచ్చిన నిధితో న్యూయార్కు నగరమున కొలంబియా విశ్వవిద్యాలయపు జర్నలిజము పాఠశాల 1912లో ప్రారంభమయ్యెను. బ్రిటనులో ఈ పద్ధతి ఆలస్యముగా వచ్చెను. అచ్చట పత్రికలలో పనిచేయుచు నేర్చుకొనుటయే ఆచారము. 1970లో కార్డిఫ్ నగరమున సంపాదకుడు టామ్ హాప్కిన్‌సన్ పట్టభద్రులకై జర్నలిజము కోర్సును నెలకొల్పిన తరువాతనే అది విశ్వవిద్యాలయములలో స్థిరపడెను.

రెండవ చదువు సామాజిక శాస్త్రము. వార్త వ్రాయుట గాక, వార్త జనులపై చూపు ప్రభావమును కొలుచుట దీని పని. పాల్ లాజర్స్‌ఫెల్డ్, ఆయన సహచరులు 1940 అమెరికా అధ్యక్ష ఎన్నికల సమయమున ఒహాయో రాష్ట్రములోని ఒక జిల్లాలో 600 మంది ఓటర్లను నెలనెల కలిసి ప్రశ్నించిరి. రేడియో, పత్రికలు ఓటర్ల మనసును ఇట్టే మార్చివేయునని అప్పటి సామాన్యాభిప్రాయము. తేలినది వేరు. ప్రచారము వలన పక్షము మార్చినవారు స్వల్పము. పెక్కుమంది తమ చుట్టునున్నవారిలో విషయము తెలిసినవారని తాము నమ్మినవారి మాట వినుచుండిరి. అనగా పత్రిక చెప్పిన మాట అట్టివారిని దాటి జనులను చేరుచున్నదన్నమాట. మన గ్రామములలో రచ్చబండ మీద ఒకడు పత్రిక బిగ్గరగా చదువ, పదిమంది విని, అతని వ్యాఖ్యానమునే వార్తగా ఇంటికి గొనిపోవుట ఎరిగినవారికి ఈ ఫలితము వింత గొలుపదు. కాని దానిని లెక్కలతో నిరూపించుట శాస్త్రము.

ఈ శాస్త్రమునకు విశ్వవిద్యాలయములలో ఇల్లు కట్టినవాడు విల్బర్ ష్రామ్. ఆయన అయోవాలోను, 1947 నుండి ఇల్లినాయిలోను, 1955 నుండి స్టాన్‌ఫర్డ్‌లోను పనిచేసి ఈ విద్యను విస్తరింపజేసెను. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమున 1958లో వెలసిన అన్నెన్‌బర్గ్ పాఠశాల ఈ కోవలోనిదే. అచ్చట జార్జి గెర్బ్నర్ టెలివిజన్‌లోని హింసను ఏండ్ల తరబడి లెక్కగట్టి, దానిని అధికముగా చూచువారు లోకమును ఉన్నదానికంటె భయంకరముగా భావింతురని వాదించెను. ఈ చదువున చేరువారు సర్వేలు, గణాంకములు నేర్వక తప్పదు. లెక్కలకు జంకువారు ముందే ఆలోచించుకొనవలెను.

మూడవ చదువు విమర్శ. బ్రిటనులోని బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయమున 1964లో రిచర్డ్ హాగర్ట్ ఒక సాంస్కృతికాధ్యయన కేంద్రమును స్థాపించెను. తరువాత దానిని నడిపిన స్టువర్ట్ హాల్ జమైకా ద్వీపము నుండి 1951లో విద్యార్థిగా ఇంగ్లండు వచ్చినవాడు. వార్తను పంపువాడు ఒక అర్థముతో పంపినను, చదువువాడు తన స్థితిని బట్టి దానిని ఒప్పుకొనవచ్చును, కొంత ఒప్పుకొనవచ్చును, ఎదురు తిరుగనూ వచ్చునని ఆయన 1973లో ప్రతిపాదించెను. ఆయన బృందము 1978లో ప్రచురించిన పరిశోధన మన వంటి కళాశాలల వారు ప్రత్యేకముగా తెలిసికొనదగినది. 1970ల ఆరంభమున బ్రిటిష్ పత్రికలు దారిదోపిడికి అమెరికా నుండి ఒక క్రొత్త పేరు తెచ్చుకొనెను. దోపిడి పాతదే, పేరు క్రొత్తది. ఆ పేరు క్రమక్రమముగా నల్లజాతి యువకులకు ముద్రవలె అంటుకొనెను. పోలీసు, న్యాయస్థానము, పత్రిక ఒకదాని మాటను మరియొకటి ఆధారము చేసికొనుచు ఆ భయమునెట్లు పెంచెనో ఆ గ్రంథము చూపెను. ఒక అల్పసంఖ్యాక వర్గమును గూర్చి పత్రికలు వాడు ఒక్క మాట ఎంత పని చేయునో ఇంతకంటె స్పష్టమైన నిదర్శనము అరుదు. బర్మింగ్‌హామ్ కేంద్రము 2002లో మూతపడినది. కాని ఆ ఆలోచన ఇతర విశ్వవిద్యాలయములకు వ్యాపించి నిలిచియున్నది.

ఈ మూడు చదువులును మన దేశమునకు ఎప్పుడో చేరినవి. ఉస్మానియా విశ్వవిద్యాలయమున 1954లో జర్నలిజము శాఖ ప్రారంభమైనపుడు దానికి తొలి అధిపతి డిఫారెస్ట్ ఓడెల్ అను అమెరికను ఆచార్యుడు. ష్రామ్ సభ్యుడుగా నున్న నిపుణుల బృందము ఇచ్చిన సలహాపై ఢిల్లీలో 1965లో భారత జనసంచార సంస్థ వెలసెను. 1975 ఆగస్టు నుండి ఒక సంవత్సరము పాటు అమెరికా ఉపగ్రహము ద్వారా ఆరు రాష్ట్రములలోని 2,400 గ్రామములకు టెలివిజన్ కార్యక్రమములు ప్రసారమైనపుడు నాటి ఆంధ్రప్రదేశ్ గ్రామములును అందున్నవి. అవి తెలుగులో కార్యక్రమములను చూచినవి. జామియా మిలియా ఇస్లామియాలో 1982లో అన్వర్ జమాల్ కిద్వాయ్ నెలకొల్పిన మాస్ కమ్యూనికేషన్ కేంద్రమునకు కెనడాలోని యార్క్ విశ్వవిద్యాలయము తోడ్పడెను. కావున స్వదేశముననే లభించు విద్యకై విదేశమునకు పోవుట అనవసరము. ఇచ్చట దొరకనిది ఏదియో తెలిసికొని, దానికై పోవుటయే వివేకము.

మరి ఒక కోర్సు ఈ మూడింటిలో దేనికి చెందినదో కనుగొనుటెట్లు? పేరును నమ్మరాదు, పాఠ్యప్రణాళికను చదువవలెను. చివర విద్యార్థి సమర్పింపవలసినది ఏమి? వార్తాచిత్రమో వార్తల సంపుటియో అయినచో అది వృత్తివిద్య. పరిశోధన వ్యాసమైనచో, తప్పనిసరి పాఠములలో గణాంకశాస్త్రమున్నదా, సంస్కృతి సిద్ధాంతములున్నవా అని చూచినచో రెండవదో మూడవదో తేలును. బోధించువారు పూర్వము సంపాదకులా, గ్రంథకర్తలా? విద్యార్థులు నడుపు పత్రికయో రేడియోయో కలదా? ఈ నాలుగు ప్రశ్నలకు సమాధానము దొరకనిదే దరఖాస్తు రుసుము చెల్లింపరాదు.

ఇక వ్యయము మాట. బ్రిటనులో ఎం.ఎ. సాధారణముగా ఒక సంవత్సరము. మన మూడేండ్ల డిగ్రీని అచ్చట అంగీకరింతురు. అమెరికాలో పెక్కు కోర్సులు రెండేండ్లు; కొన్ని విశ్వవిద్యాలయములు నాలుగేండ్ల డిగ్రీని కోరును. జర్మనీలో చాల రాష్ట్రములలోని ప్రభుత్వ విశ్వవిద్యాలయములు బోధనా రుసుము తీసికొనవు. అయినను జీవనవ్యయమునకు సొమ్ము చూపవలెను, అనేక కోర్సులకు జర్మను భాష రావలెను. వృత్తివిద్యా కోర్సులకు విశ్వవిద్యాలయముల సహాయము తక్కువ. అమెరికాలో పరిశోధన మార్గమున, ముఖ్యముగా పిహెచ్.డి.లో చేరువారికి బోధనలో తోడ్పడినందుకు రుసుము మినహాయింపు, వేతనము లభించు అవకాశము ఎక్కువ. పేద విద్యార్థి ఈ సంగతిని మరువరాదు.

బ్రిటిష్ ప్రభుత్వపు చెవెనింగ్ ఉపకార వేతనము ఒక సంవత్సరపు ఎం.ఎ. ఖర్చు భరించును, కాని దానికి ముందు రెండేండ్ల ఉద్యోగానుభవము ఉండవలెను, తరువాత స్వదేశమునకు తిరిగి రావలెను. తెలంగాణ ప్రభుత్వము 2015లో మైనారిటీ విద్యార్థులకై ప్రారంభించిన విదేశీ విద్యా పథకమున 20 లక్షల రూపాయల వరకు సహాయము కలదు. కుటుంబ వార్షికాదాయము 5 లక్షలకు మించరాదు. సామాజిక, మానవీయ శాస్త్రములు అందు చేరియున్నవి గనుక, తాము ఎన్నుకొన్న కోర్సు ఆ విభాగములలోనికి వచ్చునా అని ముందే విచారింపవలెను. విద్యాఋణముపై వడ్డీ భరించిన కేంద్ర ప్రభుత్వపు 'పఢో పరదేశ్' పథకము 2022-23 నుండి నిలిచిపోయినది. దానిని నమ్ముకొని లెక్కలు వేయరాదు.

చదువు ముగిసిన పిదప అచ్చటనే ఉద్యోగము చేసి ఋణము తీర్చవచ్చునను ధీమాయు ప్రమాదకరము. బ్రిటను 2012లో అట్టి అనుమతిని ఎత్తివేసి, 2021లో మరల ఇచ్చెను. ప్రభుత్వములు మారిన నియమములు మారును. అప్పు మాత్రము మారదు.

ఇంతవరకు చెప్పినది కష్టముల మాట. ఇక మన విద్యార్థుల బలము గూర్చి చెప్పెదము. ఉర్దూ, తెలుగు రెండును వచ్చుటను వారు గొప్పగా భావింపరు. ఆంగ్లము తడబడినచో సిగ్గుపడుదురు. ఆంగ్లమును బాగుగా నేర్వవలసినదే. కాని హైదరాబాదు పత్రికల చరిత్ర వ్రాయదలచిన విదేశీ పరిశోధకుని ఇబ్బంది ఊహింపుడు. సురవరం ప్రతాపరెడ్డిగారు 1926లో స్థాపించిన గోల్కొండ పత్రిక తెలుగున నున్నది. 1948 ఆగస్టులో హత్యకు గురియైన షోయబుల్లాఖాన్ నడిపిన ఇమ్రోజ్ ఉర్దూలో నున్నది. 1949లో వెలసిన సియాసత్ ఉర్దూలోనే వచ్చుచున్నది. ఒక్క భాష వచ్చినవాడు సగము కథయే చదువగలడు. రెండును వచ్చిన మన విద్యార్థి మొత్తము చదువగలడు! భారతీయ భాషాపత్రికల పెరుగుదలను గూర్చి రాబిన్ జెఫ్రీ 2000లో ప్రకటించిన గ్రంథమున తెలుగు పత్రికల వృత్తాంతము కలదు. బి.బి.సి. 2017లో తెలుగు విభాగమును ప్రారంభించెను. మన భాషలకు అచ్చట విలువ లేదనువారు ఈ సంగతులను గమనింతురు గాక.

కావున విదేశీ విశ్వవిద్యాలయమునకు వ్రాయు దరఖాస్తులో మీడియాయందు తమకు చిన్ననాటి నుండి ఆసక్తి కలదని వ్రాసిన చాలదు. ఒకే సంఘటనను ఉర్దూ పత్రిక, తెలుగు పత్రిక ఏల వేరువేరుగా వ్రాసినవి? మన బస్తీలో స్త్రీలకు వార్త ఎవరి ద్వారా చేరుచున్నది? ఇట్టి ప్రశ్న ఒకటి చేతబట్టుకొని పోయినవానికి, మూడు చదువులలో తనకు కావలసినది ఏదియో తానే తెలియును. ప్రశ్న లేక పోయినవాడు పట్టముతో తిరిగి వచ్చినను, దానితో ఏమి చేయవలెనో ఎరుగక నిలుచును.

కళాశాల కార్యవర్గమునకు మా మనవి ఒక్కటి. గ్రంథాలయమున ఉర్దూ, తెలుగు దినపత్రికలను నెల తిరుగగనే తూకమునకు అమ్మక, కనీసము ఐదేండ్ల సంచికలను బైండు చేయించి భద్రపరుపుడు. రెండు భాషలలోను ఒక గోడపత్రికను విద్యార్థులచే ప్రతి మాసము వ్రాయింపుడు. దీనికి ఖర్చు స్వల్పము. విదేశమున మీడియా చదువబోవు మన విద్యార్థికి మొదటి పాఠము ఆ గోడ యొద్దనే, ఆ పాత పత్రికల నడుమనే ఆరంభము కాగలదు.