కాకతీయులు ఆటలోకొస్తే నీరటి ఎక్కడుంటాడు?

వీడియో గేముల్లో ఏ నాగరికతకు చోటివ్వాలనే చర్చలో చరిత్ర ఎవరిదనే పాత ప్రశ్న ఉంది

కంప్యూటర్ మీద ఆడే స్ట్రాటజీ గేముల్లో మనం నడిపేది ఒక మనిషిని కాదు, ఒక రాజ్యాన్ని. ఊరు కట్టాలి, పంట పండించాలి, కట్టెలు కొట్టించాలి, సైన్యాన్ని పెంచాలి, పక్క రాజ్యంతో వ్యాపారమో యుద్ధమో చెయ్యాలి. 1991లో సిద్ మేయర్ 'సివిలైజేషన్', 1997లో 'ఏజ్ ఆఫ్ ఎంపైర్స్' వచ్చిన దగ్గర్నుంచి ఈ ఆటలు ఆడేవాళ్ల మధ్య తెగని తగువు ఒకటుంది. ఏ నాగరికతను చేర్చాలి, దేనికి ఆ అర్హత ఉంది?

మేముండే పేట్ బషీరాబాద్‌లో, సుచిత్ర, కొంపల్లి వైపు గేమింగ్ సెంటర్లలో గంటకింత కట్టి ఆడే ఇంటర్, డిగ్రీ పిల్లల మధ్య కూడా ఈ తగువు వింటున్నాం. తెలుగువాళ్ల తరఫున ఎవరుండాలని అడిగితే రెండే జవాబులు వస్తాయి: కాకతీయులు, లేకుంటే కృష్ణదేవరాయలు. ఒకసారి మాత్రం, అప్పటిదాకా మాట్లాడకుండా కూర్చున్న పిల్లవాడొకడు "మరి మనోళ్లు అందుల ఏం పని చేస్తుంటరన్నా?" అని అడిగాడు. ఈ వ్యాసం ఆ ప్రశ్న గురించే.

ఇప్పటిదాకా చేర్చింది ఎవర్ని?

'సివిలైజేషన్'లో మొదటి ఆట నుంచీ ఇండియా ఉంది. దశాబ్దాల పాటు దాని నాయకుడు గాంధీయే. 2025 ఫిబ్రవరిలో వచ్చిన ఏడో ఆటలో ఇండియా అనే ఒక్క పేరు పోయి, యుగానికొకటి చొప్పున మౌర్యులు, చోళులు, మొఘలులు వచ్చారు. 'ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2'లో 2013 నుంచి 'ఇండియన్స్' అనే ఒకే జాబితా ఉండేది. 2022 ఏప్రిల్‌లో దాన్ని విడదీసి హిందుస్థానీలు, గుర్జరులు, బెంగాలీలు, ద్రావిడులు అన్నారు. ద్రావిడుల కథ రాజేంద్ర చోళుడిది, సైనికులు మాట్లాడేది తమిళం. తెలుగువాళ్లను అందులోనే సర్దుకొమ్మన్నట్టు.

కాబట్టి "మనకూ చోటు కావాలి" అని పిల్లలు అనడం న్యాయమే. అయితే చోటు ఇచ్చే కొలబద్ద ఏమిటో చూడాలి. పేరున్న రాజు, రాజధాని, గొప్ప కట్టడం, ప్రత్యేకమైన సైనికుడు. ఈ నాలుగూ ఉంటే నాగరికత. లేనివాళ్లు? ఒకటి నుంచి ఆరో ఆట వరకు 'సివిలైజేషన్'లో వాళ్ల పేరు 'బార్బేరియన్లు', అంటే అనాగరికులు. లేదా దారిలో కనబడే 'గిరిజన పల్లె'. మన సైనికుడు అందులో అడుగుపెడితే బంగారమో, కొత్త విద్యో బహుమతిగా వస్తుంది. పల్లె మాయమైపోతుంది.

దీన్ని మన నేల మీద పెట్టి చూద్దాం. కాకతీయులను చేర్చారనుకోండి. మేడారం కోయల కథ ప్రకారం, కరువులో కప్పం కట్టలేమన్నందుకు ప్రతాపరుద్రుడి సైన్యం వాళ్ల మీదికి వచ్చింది. సమ్మక్క, సారలమ్మ ఎదురు నిలిచారు. జంపన్న ప్రాణం వదిలిన సంపెంగ వాగే జంపన్న వాగైంది. రెండేళ్లకోసారి లక్షల మంది మొక్కేది ఆ రాజుకు కాదు, ఆ తల్లీబిడ్డలకు. కానీ ఆట నియమాల్లో కాకతీయులు 'నాగరికత' అవుతారు, సమ్మక్క 'బార్బేరియన్' అవుతుంది.

ఆవు, బావి, కులం

ఆటల్లో రాజుల పేర్ల కన్నా నియమాలే ఎక్కువ మాట్లాడతాయి. మూడు ఉదాహరణలు చూద్దాం.

2007లో 'ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 3'లోకి ఇండియన్స్ వచ్చారు. చాలా జాతులు పశువులను కోసి తిండి సంపాదిస్తాయి. ఇండియన్స్‌కు మాత్రం 'పవిత్ర క్షేత్రం' అనే కట్టడం ఇచ్చారు. అందులో ఆవులను ఉంచితే పాయింట్లు వస్తాయి. దేశమంతా ఒకే తిండి తింటుందని, ఆవు అందరికీ దేవతేనని ఆట తీర్మానించింది. ఎద్దుకూర తిన్నందుకే ఊరి బయట ఉంచబడ్డ కోట్ల మంది ఆ 'ఇండియన్స్'లో లేరు.

'సివిలైజేషన్ 6'లో ఇండియాకు మాత్రమే దక్కే కట్టడం మెట్ల బావి. కట్టగానే తిండీ, నివాస సౌకర్యమూ పెరుగుతాయి. ఊళ్లో ఉన్న ప్రతి మనిషికీ ఆ నీళ్లు అందినట్టే లెక్క. చరిత్రలో అలా లేదు. మహద్‌లో చవదార్ చెరువు నీళ్లు దోసిట పట్టడానికి 1927 మార్చి 20న బాబాసాహెబ్ అంబేద్కర్ వేల మందితో కదలాల్సి వచ్చింది. తాగినందుకు దెబ్బలు కూడా పడ్డాయి. బావి ఉండడం వేరు, బావిలో చేద వెయ్యగలగడం వేరు. ఆ తేడా ఆటకు తెలియదు.

మూడోది 'క్రూసేడర్ కింగ్స్ 2'. 2014లో ఇండియా భాగం వచ్చినప్పుడు కులాన్ని దాచలేదు. హిందూ పాత్రలకు పుట్టుకతో వచ్చే లక్షణంగా పెట్టారు. కానీ ఆ ఆటలో మనం పాలకులుగా మాత్రమే ఆడగలం. కాబట్టి కులం రాజకుటుంబాల వ్యవహారంగా కనిపిస్తుంది. పొలంలో, చెరువు కట్ట మీద, తోలు శాలలో అది చేసే పని కనిపించదు.

చెరువును నడిపింది ఎవరు?

కాకతీయులను చేర్చాలనే వాదన బలమైనదే. పాకాల, రామప్ప లాంటి చెరువులు వాళ్ల కాలానివి. 1213 నాటి రామప్ప గుడికి 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది. రుద్రమదేవి పాలించింది. ఇంకో విషయం కూడా ఉంది. చాలా శాసనాలు కాకతీయులను చతుర్థ కులం వారిగానే చెబుతాయి. సూర్యవంశ క్షత్రియులని చెప్పేవి కొద్దే. సినిమాలు చూపే కిరీటాల వెనక ఈ సంగతి మరుగున పడిపోయింది.

కానీ చెరువు తవ్వించడం ఒక్కసారి పని. దాన్ని నడపడం వందల ఏళ్ల పని. తెలంగాణ పల్లెల్లో ఆ పని చేసింది నీరటి. చాలా ఊళ్లలో దళిత కులాల వాళ్లే నీరట్లు. తూము ఎప్పుడెత్తాలి, ఏ మడికి ఎంతసేపు నీళ్లు పారించాలి, మత్తడి ఎప్పుడు దుంకుతుంది, కట్ట ఎక్కడ చెమ్మగిల్లింది, అన్నీ అతనికే తెలుసు. వానాకాలం రాత్రుళ్లు కట్ట మీద కాపలా అతనిదే. కూలీ కింద కల్లం దగ్గర కొలిచిన కొన్ని గింజలు. నీళ్లు పంచిన చేతికి చాలాచోట్ల ఊరి బావి మాత్రం అందలేదు. 2015లో రాష్ట్ర ప్రభుత్వం చెరువుల పునరుద్ధరణ మొదలుపెట్టినప్పుడు కూడా పేరు 'మిషన్ కాకతీయ' అనే పెట్టింది.

ఆ పనితనం పోతే ఏమవుతుందో మా దగ్గర చూశాం. పేట్ బషీరాబాద్ పక్కనే, జీడిమెట్లలో ఫాక్స్ సాగర్ ఉంది, నిజాం కాలం చెరువు. 2020 అక్టోబర్ వానలకు అది నిండి కొంపల్లి వైపు కాలనీల్లోకి నీళ్లొచ్చి రోజుల తరబడి నిలిచాయి. నీళ్లు పోయే దారిలో ఇళ్లు లేచాయి, దారి తెలిసిన మనిషి లేడు. ఆట తయారుచేసేవాళ్లకు ఇంతకన్నా మంచి నియమం ఏం కావాలి? చెరువు కడితే సరిపోదు, నీరటి ఉంటేనే పంట. అతనికి న్యాయం జరగకపోతే కట్ట తెగుతుంది. కాకతీయులు ఆటలోకి ఇలా వస్తే మేం స్వాగతిస్తాం.

అమరావతి చర్మకారుడు

మమ్మల్ని ఒకటే పేరు చెప్పమంటే కాకతీయుల కన్నా ముందుకు, కృష్ణా లోయ బౌద్ధం దగ్గరికి వెళ్తాం. అమరావతి, నాగార్జునకొండ, ఫణిగిరి. శాతవాహనులు, ఇక్ష్వాకులు పాలించిన ఆ కాలపు స్తూపాల మీద పేర్లున్నది రాజులవి మాత్రమే కాదు. అమరావతి శాసనాల్లో ఒకటి విధికుడు అనే చర్మకారుడిది. తల్లి, భార్య, అన్నదమ్ములు, పిల్లలతో కలిసి పూర్ణఘటం చెక్కిన రాతి పలకను స్తూపానికి ఇచ్చానని రాయించుకున్నాడు. తోలు పని చేసే మనిషి తన వృత్తిని దాచుకోకుండా, ఇంటిల్లిపాదినీ కలుపుకొని, అందరూ మొక్కే చోట పేరు చెక్కించుకోగలిగాడు. తర్వాతి శతాబ్దాల్లో అదే తోలు పని చేసినవాళ్లను గుడి మెట్లు ఎక్కనివ్వలేదు.

ఇవాళ ఆంధ్రప్రదేశ్ రాజముద్రలో ఉన్న పూర్ణఘటం ఆ అమరావతి శిల్ప సంప్రదాయానిదే. తెలంగాణ ముద్రలో కాకతీయ తోరణం ఉంది. రెండు రాష్ట్రాల పిల్లలకూ తోరణం కట్టించిన రాజు తెలుసు, ఘటం ఇచ్చిన చర్మకారుడు తెలియదు. రాజు పేరు లేకుండానే గుర్తుంచుకోదగ్గ నాగరికత ఒకటి మన దగ్గర ఉందని చెప్పడానికి విధికుడు చాలు.

మరి అంబేద్కర్ నాయకుడు కావాలా?

'సివిలైజేషన్ 7'లో నాయకుడు రాజే కానక్కర్లేదు. బానిసత్వంలో పుట్టి, 1849లో తప్పించుకుని, మళ్లీ మళ్లీ వెనక్కి వెళ్లి తన వాళ్లను విడిపించిన హ్యారియెట్ టబ్‌మన్ అందులో నాయకురాలు. అమెరికాలో బానిసత్వం రద్దుకు పోరాడినవాళ్లకే 1873లో జోతిరావు ఫూలే తన 'గులాంగిరీ'ని అంకితమిచ్చాడు. ఆ తలుపు తెరిచాక ఫూలే, సావిత్రీబాయి, అంబేద్కర్ ఎందుకు రాకూడదని అడగడం సహజం.

రావచ్చు. కానీ మమ్మల్ని అడిగి రావాలి. 2013లో 'సివిలైజేషన్ 5'లో ప్యూబ్లో ప్రజల నాయకుడు పోపేను పెట్టాలనుకున్నారు. ఆ ప్రజల పెద్దలు ఒప్పుకోకపోవడంతో మానుకుని షోషోన్ ప్రజలను చేర్చారు. 2018లో ఆరో ఆటలో క్రీ నాయకుడు పౌండ్‌మేకర్‌ను తెచ్చినప్పుడు, తమను సంప్రదించలేదని, భూమిని ఆక్రమించే వలసవాదుల విలువలను తమ పూర్వీకుడికి అంటగట్టారని పౌండ్‌మేకర్ క్రీ నేషన్ పెద్ద మిల్టన్ టూటూసిస్ అభ్యంతరం చెప్పాడు. గాంధీ సంగతీ చూశాం. ప్రోగ్రాం పొరపాటు వల్ల ఆయన అణుబాంబులు వేస్తాడనే ఎగతాళి ఏళ్ల తరబడి నడిచింది. అలాంటి పొరపాటే లేదని సిద్ మేయర్ 2020లో తన పుస్తకంలో రాసుకున్నా ఎగతాళి ఆగలేదు. విగ్రహాలకు చెప్పుల దండలు పడే దేశంలో బాబాసాహెబ్‌ను ఆటబొమ్మ చెయ్యడం గురించి ముందు వాడల్లో మాట్లాడుకోవాలి.

ఈ చర్చకు తెలుగు దళితుల దగ్గర సొంత వారసత్వం ఉంది. 1917లో బెజవాడలో పంచముల సభగా పిలిచిన సమావేశానికి హైదరాబాద్ నుంచి వెళ్లి అధ్యక్షత వహించిన భాగ్యరెడ్డి వర్మ ఆ 'పంచమ' అనే మాటనే తోసిపుచ్చాడు. ఈ నేలకు మొదటివాళ్లం మేమే అన్నాడు. అది ఆది ఆంధ్ర మహాసభ అయింది. జాతుల పుట్టుక సిద్ధాంతాలను తర్వాత అంబేద్కరే ఒప్పుకోలేదు. కాబట్టి అందులో మనం తీసుకోవాల్సింది రక్తం లెక్క కాదు. నాగరికుడెవరో చెప్పే హక్కు ఇంకొకరికి వదలకూడదన్న పట్టుదల.

అందుకే ఏ నాగరికతకు అర్హత ఉందని అడిగినప్పుడు మా కొలబద్ద మూడు ప్రశ్నలు. దాన్ని నిలబెట్టిన శ్రమకు ఆటలో పేరుందా? దాన్ని ఎదిరించినవాళ్లు అనాగరికులుగా కాక మనుషులుగా ఉన్నారా? ఆ చరిత్ర ఎవరిదో వాళ్లను అడిగారా? ఈ మూడింటికీ అవునని చెప్పగలిగితే కాకతీయులను పెట్టండి, విజయనగరాన్ని పెట్టండి, కృష్ణా లోయను పెట్టండి. "మనోళ్లు ఏం పని చేస్తుంటరు" అని అడిగిన పిల్లవాడికి అప్పుడు ఒక జవాబుంటుంది. చెరువును నడుపుతుంటారు, స్తూపానికి రాయి ఇస్తుంటారు, కప్పం కట్టబోమంటుంటారు.